డ్వెమర్‌లంతా ఒప్పుకున్నారా?

అందరికీ నమస్కారం. ముందుగా ఒక్క ప్రశ్న. 'స్కైరిమ్' అనే వీడియో గేమ్ ఆడినవాళ్లు చేతులెత్తండి. బాగుంది, సగం హాలు పైనే. 'మారోవిండ్'? పదిపన్నెండు మంది. చాలు. మిగతావాళ్లు కంగారు పడకండి, అవసరమైన చోట కథ చెబుతూనే వెళ్తాను.

2002లో వచ్చిన ఆట మారోవిండ్. నేను ఆడేసరికి కొన్నేళ్లు గడిచిపోయాయి. మా పెద్దనాన్నగారి అబ్బాయి దగ్గర పాత కంప్యూటర్ ఒకటి ఉండేది, వేసవి సెలవుల్లో దాని ముందు కూర్చునేవాణ్ని. అందులో టెల్వాని అని మాంత్రికుల వంశం ఒకటుంది. వాళ్లు పెద్దపెద్ద పుట్టగొడుగుల్ని బురుజుల్లా పెంచి వాటిలో కాపురముంటారు. ఓ పెద్ద మాంత్రికుణ్ని కలవాలని అలాంటి బురుజులోకి వెళ్లాను. తలెత్తి చూస్తే పైన గది కనబడుతోంది, మెట్లు మాత్రం లేవు. నిచ్చెన లేదు. గోడ చుట్టూ రెండుసార్లు తిరిగాను. గేమ్‌లో ఏదో పొరపాటుందనీ, మెట్లు పెట్టడం మరిచిపోయారనీ అనుకున్నాను.

పొరపాటు కాదు. టెల్వాని పెద్దల ఇళ్లకు మెట్లుండవు. గాల్లోకి లేచే మంత్రం వచ్చినవాడే పైకి వస్తాడు, రానివాడు కిందే ఆగిపోతాడు. అంతే. దీని గురించి అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ వంశానికున్న అహంకారం, చదువు మీద వాళ్లకున్న గౌరవం, చదువురాని వాళ్ల మీద ఉన్న చిన్నచూపు, అన్నీ ఆ లేని మెట్లలోనే ఉన్నాయి. ఆ రోజు నాకు అర్థమైంది: ఈ లోకంలో మంత్రమంటే కేవలం నిప్పు విసరడం కాదు. ఇల్లెలా కట్టుకుంటారు, చుట్టాన్ని ఎలా పిలుస్తారు, చచ్చిపోయినవాళ్లను ఏం చేస్తారు అన్న విషయాలతో అది ముడిపడి ఉంటుంది.

ఆ చివరిది ఇంకా గొప్పగా ఉంటుంది. డన్మర్‌లని, బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉన్న జాతి. వాళ్ల సమాధుల్లోకి వెళితే పెద్దల ఆత్మలు కాపలా కాస్తుంటాయి. రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం చుట్టూ వాళ్లు కట్టిన మంత్రపు కంచెకు బలం కూడా పూర్వీకుల నుంచి వచ్చిందే. మరి అదే డన్మర్‌లను అడగండి, శవాలను లేపే విద్య మహాపాపం అంటారు. బయటి నుంచి వచ్చిన సామ్రాజ్యపు అధికారులకు ఇది అస్సలు బోధపడదు. వాళ్ల చట్టంలో ఆ విద్య నేరం కాదు, డన్మర్‌ల గుడి మాత్రం దాన్ని నిషేధించింది. పైపైన చూస్తే రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. మా తాతగారు తన మనవల ఇంటిని కాయడానికి రావడం వేరు, మీరు వచ్చి మా తాతగారి ఎముకల్ని మీ పనికి లేపుకోవడం వేరు. ఏ మంత్రం పవిత్రం, ఏది పాపం అన్నది మంత్రాన్ని బట్టి కాదు, చుట్టరికాన్ని బట్టి తేలుతుంది. ఇంత సున్నితమైన సంగతిని పట్టుకున్న ఆటలు నాకు ఎక్కువ తెలియవు.

ఇప్పుడు ఫ్యాన్ థియరీల దగ్గరికి, అంటే ఆట చెప్పకుండా వదిలేసిన సంగతుల మీద అభిమానులు కట్టే ఊహల దగ్గరికి వస్తాను, ఈ రోజు అసలు విషయం అదే. మారోవిండ్, స్కైరిమ్ రెండూ ఎల్డర్ స్క్రోల్స్ అనే వరుసలోవి; ఆ ఆటల్లో పుస్తకాలు చాలా ఉంటాయి. అలమారాల్లో, బల్లల మీద, దొంగల గుహల్లో, ఎక్కడ పడితే అక్కడ. తెరిచి చదవొచ్చు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఆ లోకపు మనుషులే. ఒకాయన పూజారి, ఒకాయన రాజుగారి మనిషి, ఒకాయన అన్నీ తెలిసినట్టు రాసే పండితుడు. కాబట్టి రెండు పుస్తకాలు ఒకే మాట చెప్పవు. ఏది నిజమో ఆట చెప్పదు, మనమే తేల్చుకోవాలి. థియరీలన్నీ పుట్టింది ఈ ఖాళీలోనే.

ఉదాహరణకు సృష్టి కథ. ఆ లోకంలో సూర్యుడంటే అగ్నిగోళం కాదు, ఆకాశానికి పడ్డ కంత. లోకాన్ని కట్టడానికి నక్షా గీసిన మాగ్నస్ అనే దేవుడు, పని మధ్యలో దాని ఖరీదెంతో చూసి భయపడి పారిపోయాడు. పోతూపోతూ ఆకాశాన్ని చించుకుని పోయాడు. ఆ చిరుగు సూర్యుడు. ఆయన వెంట పోయినవాళ్లు చేసిన చిన్న చిన్న కంతలు నక్షత్రాలు. ఆ కంతల్లోంచి అవతలి వెలుగు కారుతుంది, దాన్నే మాంత్రికులు వాడుకుంటారు. నాకు చాలా ఇష్టమైన ఊహ ఇది. మంత్రశక్తి వరం కాదు, ఒకరు వదిలేసి వెళ్లిన చోట మిగిలిన చిరుగు.

ఇదే కథను ఎల్ఫ్‌ల దగ్గర, అంటే ఆ లోకంలో మనుషులు కాని మరో జాతి దగ్గర వింటే అందులో దుఃఖం ఉంటుంది. మేం దేవతలుగా ఉండేవాళ్లం, లోర్కాన్ అనేవాడు మోసం చేసి ఈ చావుపుట్టుకల్లోకి లాగాడు అంటారు. మనుషుల దగ్గర వింటే అదే లోర్కాన్ మహోపకారి, మనకు బతుకునిచ్చి తను ప్రాణం పోగొట్టుకున్నాడు. జరిగిన సంగతి ఒకటే. ఒక ఇంట్లో తద్దినం, ఇంకో ఇంట్లో పండగ.

ఆ లోర్కాన్ గుండెను పెరికి, బాణానికి కట్టి వదిలితే అది వచ్చి పడ్డ చోటే రెడ్ మౌంటెన్. ఆ కొండ అడుగున ఆ గుండె దొరికింది డ్వెమర్‌లకు. ఇక్కణ్నుంచి కాస్త నిదానంగా వెళ్దాం.

డ్వెమర్‌లు కూడా ఎల్ఫ్‌లే. స్కైరిమ్‌లో వీళ్లను మరుగుజ్జులన్నట్టు పిలుస్తారు గానీ పొట్టివాళ్లు కారు. కొండల కింద ఇత్తడి గొట్టాలు, ఆవిరి యంత్రాలు, వాటంతటవే తిరిగే లోహపు సాలీళ్లు, అవన్నీ వాళ్లు చేసినవే. దేవుళ్లను పూజించేవాళ్లు కారు. దేవుడనే మాటను కూడా విప్పి చూడాలి, లోపల ఏముందో లెక్క తేల్చాలి అన్నది వాళ్ల పట్టుదల. లోకమంతా నాదమేననీ, సరైన శ్రుతి పట్టుకుంటే రాయినైనా లోహాన్నైనా మార్చవచ్చనీ నమ్మారు. కాగ్రెనాక్ అనే వాళ్ల మహా శిల్పి ఆ గుండె శక్తిని వాడుకోవడానికి మూడు పనిముట్లు చేశాడు. సుత్తి పేరు సండర్, కత్తి పేరు కీనింగ్, వాటిని పట్టుకునే చేతితొడుగు పేరు రెయిత్‌గార్డ్. దాంతోపాటు న్యూమిడియం అనే బ్రహ్మాండమైన ఇత్తడి బొమ్మ, అంటే తమ చేతులతో చేసుకున్న దేవుడు.

మొదటి యుగం 700 ప్రాంతంలో రెడ్ మౌంటెన్ దగ్గర యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో డ్వెమర్‌లు మాయమయ్యారు. ఓడిపోవడం కాదు, చచ్చిపోవడం కాదు. అక్కడ పోరాడుతున్నవాళ్లే కాదు, ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు కూడా. ఉన్నపళంగా ఒక జాతి లేకుండా పోయింది.

ఎందుకు? ఎక్కడికి? ఈ ప్రశ్న మీద అభిమానులు రాసినంత ఇంకే ప్రశ్న మీదా రాసి ఉండరు. కొందరు, వాళ్లంతా కలిసి ఆ ఇత్తడి దేవుడి చర్మంగా మారిపోయారంటారు. కొందరు, ఇంకో లోకానికి ఎగిరిపోయారంటారు. ఇంకో థియరీ మరీ లోతైనది: ఈ లోకమంతా ఎవరో కంటున్న కల అని డ్వెమర్‌లు లెక్కగట్టి తెలుసుకున్నారు, తెలుసుకున్న మరుక్షణం 'అయితే నేను లేను' అనుకున్నారు, అనుకోగానే నిజంగా లేకుండా పోయారు. ఆ కల సంగతి తెలిసి కూడా 'అయినా నేనున్నాను' అనగలిగినవాడే అక్కడ మహాశక్తిమంతుడవుతాడట. వినడానికి మన వేదాంతం చదివినవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. నేను కూడా చాలా ఏళ్లు ఈ థియరీనే పట్టుకు వేలాడాను.

ఇప్పుడు దాన్ని నమ్మడం లేదు. ఎందుకో చెబుతాను.

ఈ థియరీలన్నింటిలో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: "డ్వెమర్‌లు నమ్మారు," "డ్వెమర్‌లు నిర్ణయించుకున్నారు," "డ్వెమర్‌లు కోరుకున్నారు." జాతికి జాతి ఒకే నోటితో మాట్లాడినట్టు! ఏ ఊళ్లోనైనా, ఏ ఇంట్లోనైనా అలా జరుగుతుందా? నలుగురున్న ఇంట్లో పెళ్లి సంబంధం మీద ఒక్క మాట మీదికి రావడానికి ఆర్నెల్లు పడుతుంది. దేవుణ్ని తయారు చేద్దామంటే అంతమందీ సరేనన్నారా?

ఆటలోనే దీనికి సాక్ష్యం ఉంది. రూర్కెన్ అని డ్వెమర్‌లలో ఒక శాఖ. పక్కజాతితో సంధి చేసుకుంటామని మిగతావాళ్లంటే, మాకొద్దని మూటాముల్లె సర్దుకుని పడమటికి, హ్యామర్‌ఫెల్‌కు వెళ్లిపోయారు. అంటే గొడవలున్నాయి, విడిపోవడాలున్నాయి. అంతకన్నా పెద్ద సాక్ష్యం యాగ్రమ్ బాగార్న్. బతికి మిగిలిన ఒకే ఒక డ్వెమర్. యుద్ధం నాటికి ఆయన ఈ లోకంలో లేడు, వేరే లోకానికి వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే తనవాళ్లెవరూ లేరు. ఏమైందని అడిగితే ఆయన చెప్పేది జాగ్రత్తగా వినాలి. కాగ్రెనాక్ మమ్మల్ని చావులేనివాళ్లను చేద్దామనుకున్నాడు. ఆ లెక్కలు చూసిన కొందరు తర్కపండితులు, దీని ఫలితాలు ఎలా ఉంటాయో ముందే చెప్పలేం, తప్పు జరిగితే సర్వనాశనమేనని వాదించారు. ఆయన పని నెరవేరి మావాళ్లు ఏ లోకానికో వెళ్లిపోయారో, లేక పొరపాటు జరిగి పూర్తిగా నాశనమయ్యారో తెలియదు. ఇదీ ఆయన చెప్పేది.

ఎన్నోసార్లు చదివి కూడా నేను గమనించని మాట "కొందరు వాదించారు" అన్నది. మేం 'ఎక్కడికి పోయారు' అన్న దాని మీదే తలలు బద్దలు కొట్టుకున్నాం. 'ఒప్పుకున్నారా' అని అడగలేదు. వద్దన్నవాళ్లున్నారు. ఎప్పుడో విడిపోయి దూరంగా బతుకుతున్న శాఖ ఉంది. ఆ కొండ పేరు కూడా వినని పసిపిల్లలు ఉండే ఉంటారు. అందరూ పోయారు. కాబట్టి 'అంతా కలిసి ఒకే సత్యం తెలుసుకుని కరిగిపోయారు' అన్న థియరీ నాకు నిలబడదు. ఒక్కడు సుత్తి దెబ్బ వేశాడు, ఆ నాదం అందరి ఒంట్లోనూ పలికింది. వాళ్ల లోకదృష్టిలో జాతి అంతా ఒకే వాయిద్యం అనుకుంటే, ఒక తీగ తెంపితే చాలు. నేను అనుకుంటున్నది ఇది. రుజువు చేయలేను, కానీ యాగ్రమ్ మాటకు ఇదే దగ్గరగా ఉందని నా నమ్మకం.

దీనికి స్కైరిమ్‌లో చిన్న తోడు దొరుకుతుంది. వింటర్‌హోల్డ్ మంత్ర కళాశాలలో ఆర్నియెల్ గేన్ అని ఒక పండితుడు. డ్వెమర్ పళ్లచక్రాలు పది తెచ్చిపెట్టమని మిమ్మల్ని తిప్పుతాడు గుర్తుందా? చివరికి కీనింగ్ కత్తి సంపాదించి, ఒక ఆత్మరత్నాన్ని దాంతో కొడతాడు. కొట్టినవాడు కొట్టినట్టే మాయం. తర్వాత అతని నీడను మాత్రం మీరు పిలవగలరు. అతను లోకసత్యమేదో గ్రహించి పోయినట్టు ఎక్కడా కనబడదు. దెబ్బ పడింది, మనిషి పోయాడు. అక్కడ గుండె లేదు కాబట్టి అతనొక్కడే పోయాడంటారు చాలామంది, నాకూ అదే సబబనిపిస్తుంది.

'జాతి అంటే ఒకే అభిప్రాయం' అనుకోవడం వల్ల ఇంకో అన్యాయం కూడా జరుగుతుంది. డ్వెమర్‌ల మీద థియరీలు రాసేవాళ్లలో చాలామందికి వాళ్లంటే ఆరాధన. ఆ యంత్రాలు, ఆ తర్కం చూసి. నాక్కూడా ఉండేది. మరి ఫాల్మర్‌ల సంగతి? ఒకప్పుడు వాళ్లు మంచు ఎల్ఫ్‌లు. నార్డ్‌లనే మనుషుల కత్తులకు భయపడి డ్వెమర్‌ల కొండల కిందకి ఆశ్రయానికొచ్చారు. ఆశ్రయానికి డ్వెమర్‌లు అడిగిన ధర చూపు. విషపు పుట్టగొడుగు తినిపించి గుడ్డివాళ్లను చేశారు, తరతరాలు బానిసలుగా వాడుకున్నారు. ఆ చీకట్లో యుద్ధం చేస్తుండగానే ఒకరోజు ఎదుటివాళ్లు లేకుండా పోయారు.

స్కైరిమ్‌లో ఫాల్మర్‌లను మనం పురుగుల్ని చంపినట్టు చంపుతూ పోతాం. 2012లో వచ్చిన 'డాన్‌గార్డ్' భాగంలో గెలెబోర్ అనే మంచు ఎల్ఫ్ ఒకాయన కనబడతాడు. చూపున్నవాడు, మర్యాదగా మాట్లాడతాడు. ఆయనతో మాట్లాడాక మళ్లీ ఆ గుహల్లోకి వెళ్లి చూడండి, చెయ్యి ఆగుతుంది. డ్వెమర్ థియరీ రాసేవాళ్లు ఒక్క పేరాలోనైనా వీళ్లను తలుచుకోవాలని నా కోరిక. ఆ ఇత్తడి గొట్టాలు తుడిచింది వీళ్ల చేతులే కదా.

సరే, థియరీలు కట్టేవాళ్లను తప్పుబట్టడానికి నేను రాలేదు. వాళ్లు చేసిన గొప్ప పని ఒకటి చూపిస్తాను. వివెక్ అనే దేవుడున్నాడు మారోవిండ్‌లో. (అవును, పేరు వింటే మన పక్కింటి అబ్బాయిలాగే ఉంటుంది.) అతను ఒకప్పుడు మామూలు మనిషే, నెరెవార్ అనే నాయకుడి సలహాదారు. రెడ్ మౌంటెన్ యుద్ధం తర్వాత నెరెవార్ చనిపోయాడు, వివెక్, మరో ఇద్దరు దేవుళ్లయ్యారు. నెరెవార్ గాయాలతో పోయాడని వివెక్ చెప్పే కథ. లేదు, ఆ ముగ్గురే చంపారని ఎడారిలో తిరిగే యాష్‌లాండర్ తెగలు చెప్పుకునే కథ. వాళ్ల కథను గుడి మతద్రోహమని నిషేధించింది.

వివెక్ రాసిన పవిత్ర గ్రంథం ఆటలో ముప్పయ్యారు పాఠాలుగా చెల్లాచెదురుగా దొరుకుతుంది. రాసింది మైకేల్ కిర్క్‌బ్రైడ్. చదివితే తల తిరుగుతుంది, ఎటూ అర్థం కాని గొప్ప వచనం. అభిమానులు కూర్చుని ఏం చేశారంటే, 29వ పాఠంలో వరుసగా వచ్చే అంకెల్ని తీసుకున్నారు. ఒక్కో అంకె ఒక్కో పాఠానికి. ఆ పాఠంలో అన్నో మాట లెక్కబెట్టి విడిగా రాసుకున్నారు. అలా ఒక్కో పాఠం నుంచి ఒక్కో మాట. వాటిని కలిపి చదివితే వచ్చింది ఇది: అతను దేవుడిగా పుట్టలేదు, ఈ నేరం విధి చేయించింది కాదు, తన ఇష్టంతో చేశాడు, దైవత్వాన్ని దొంగిలించాడు, నెరెవార్‌ను చంపాడు, ఇది రాసింది వివెక్. చివరి పాఠంలో పేరాల మొదటి అక్షరాలు కలిపితే దారుణ హత్య అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలు.

ఒక్క క్షణం ఆలోచించండి. గుడి పూజారులు రోజూ భక్తితో చదివే గ్రంథంలోనే దేవుడు తన నేరాన్ని ఒప్పుకుని దాచిపెట్టాడు. ఎడారిలో తిరిగే తెగలు నోటి మాటగా కాపాడుకున్న కథ ఇన్నాళ్లకు గెలిచింది. దీన్ని బయటపెట్టింది అంకెలు లెక్కబెట్టే ఓపికున్న మామూలు ఆటగాళ్లు. థియరీ అంటే ఇది. ఎవరి మాటను తొక్కేశారో వాళ్ల మాటను కూడా పక్కన పెట్టుకుని చదవడం.

జాతి లోపలి తగవును మంత్రం ఎలా మార్చేస్తుందో చెప్పే ఇంకో చోటు మీ అందరూ చూసిందే. స్కైరిమ్‌లో కొండ మీది హై హ్రోత్‌గార్ మఠానికి ఏడు వేల మెట్లెక్కుతారు కదా, దారిలో రాతి పలకలుంటాయి. చాలామంది ఆగరు. ఈసారి ఆగి చదవండి. నార్డ్‌లు తమ గొంతును ఆయుధంగా వాడి, అంటే అరుపునే మంత్రంగా చేసి, అదే రెడ్ మౌంటెన్ దగ్గర ఘోరంగా ఓడిపోయారు. అంత బలమైన గొంతులు ఎందుకు ఓడాయని యుర్గెన్ విండ్‌కాలర్ ఏడేళ్లు ధ్యానం చేశాడు. అరవడం మానాలని తేల్చుకున్నాడు. తోటి వీరులు ఆయనతో వాదించారు, గొంతెత్తి అరిచారు. ఆయన తిరిగి అరవలేదు, వాళ్ల అరుపులన్నీ మింగేశాడు. పైన కొండ మీద గుసగుసలాడే గ్రేబియర్డ్‌లనే సన్యాసులు ఆ వాదన నెగ్గిన పక్షం. ఓడిన పక్షం ఏమనుకుందో ఏ పలకా చెప్పదు. ఎవరైనా ఆ థియరీ రాస్తే చదవాలని ఉంది.

ఇందాక వెనక వరుసలోంచి ఒకమ్మాయి చీటీ పంపింది: "సార్, ఆట కట్టినవాళ్లకే ఇవన్నీ తెలియకపోతే? మనమే ఎక్కువ ఊహిస్తున్నామేమో?" మంచి ప్రశ్న అమ్మా. కొన్నిసార్లు నిజంగా అంతే. 1996లో వచ్చిన 'డాగర్‌ఫాల్' అనే ఈ వరుసలోని ముందటి ఆటకు చాలా ముగింపులుండేవి. ఆరేళ్ల తర్వాత మారోవిండ్ కట్టేటప్పుడు ఏది నిజమని పెట్టాలి? ఏదో ఒకటి ఎంచుకుంటే మిగతా ఆటగాళ్ల కష్టం అబద్ధమైపోతుంది. అప్పుడు కాలమే విరిగిందన్నారు, అన్ని ముగింపులూ ఒకేసారి జరిగాయన్నారు. ఆట కట్టేవాళ్ల ఇబ్బంది అది. కానీ దానికి వాళ్లిచ్చిన జవాబు చూడండి: ఏ రాజ్యం గెలుపు ఆ రాజ్యానికి నిజమే. ఇబ్బందిలోంచి పుట్టినా అది ఆ లోకపు స్వభావానికి సరిగ్గా సరిపోయింది. కాబట్టి వాళ్లకు తెలిసి పెట్టారా, తెలియక పెట్టారా అని నేను మరీ వెతకను. పుస్తకంలో ఉందా, ఎవరి నోట ఉంది, ఆ మాట అనడం వల్ల వాళ్లకు ఏం ఒరుగుతుంది, అది చూస్తాను.

చివరగా, మారోవిండ్ ఇంకా ఆడనివాళ్లకు ఒక్క పని అప్పగిస్తాను. కథలో మీకొక భయంకరమైన జబ్బు అంటుకుంటుంది. మందు కోసం టెల్ ఫిర్‌లో దివైత్ ఫిర్ అనే ముసలి మాంత్రికుడి దగ్గరికి వెళ్తారు. అదీ మెట్లు లేని బురుజే. ఆయన మందు ఇచ్చే ముందు, కింద గుహలో ఉన్న రోగులలో ఒకరి దగ్గర నా బూట్లున్నాయి, తీసుకురా అంటాడు. ఆ రోగే యాగ్రమ్ బాగార్న్. ఒళ్లంతా ఉబ్బిపోయి, కాళ్లకు బదులు ఇత్తడి సాలీడు కాళ్ల మీద కూర్చుని ఉంటాడు. ఆ బూట్లు గాల్లో ఎగరడానికి పనికొచ్చేవి, డ్వెమర్‌లు చేసినవి. నేను మొదటిసారి బూట్లు పుచ్చుకుని పరుగెత్తుకుంటూ పైకి వచ్చేశాను. మందు టెన్షన్ నాది. మీరలా చేయకండి. దారిలో మీద పడే రోగుల్ని చంపకండి, వాళ్లను కొట్టొద్దని ఆ ఇంటి పెద్దాయన ముందే చెబుతాడు. పక్కగా తప్పుకుని వెళ్లండి. యాగ్రమ్ ఎదురుగా నిలబడి, బూట్ల మాట ఎత్తకముందు, మీవాళ్లు ఏమయ్యారని అడగండి.